పుట్టగొడుగు అన్న మాటలోనే ఉంది పాఠం

కొండపి దగ్గర మా బంధువులు జామాయిల్ వేద్దామని చేను చదును చేయిస్తుంటే, జేసీబీ పళ్లకు తగిలి ఒక పాత పుట్ట రెండుగా విచ్చుకుంది. లోపలి గదుల్లో తేనెతుట్టెల్లాంటివి, బూడిద రంగులో ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు, తడితడిగా ఉంది. అరల గోడల నిండా గసగసాలు చల్లినట్టు తెల్లటి గింజలు. అక్కడున్న వాళ్లంతా చెద గుడ్లన్నారు. కానీ అవి గుడ్లు కావు, చెదలు సాగు చేసుకుంటున్న బూజు పంట.

ఇంటర్ జువాలజీ చదివిన వాళ్లకు చెద అనగానే దాని పేగులో ఉండి చెక్కను అరిగించే ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు గుర్తొస్తాయి. 1920ల్లో అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే శాస్త్రవేత్త ఆ ప్రోటోజోవాలను చంపి చూశాడు. చెదలు చెక్క తింటూనే ఆకలితో చచ్చిపోయాయి. తిరిగి చేరిస్తే బతికాయి. గొప్ప ప్రయోగమే. అయితే అది వేరే రకం చెదల కథ. 1998లో జపాన్ పరిశోధకులు ఆ రకం చెదల ఒంట్లోనే సెల్యులోజ్‌ను, అంటే చెక్కలోని పీచుపదార్థాన్ని, కోసే ఎంజైమ్‌కు జన్యువు ఉందని కనిపెట్టాక ఆ కథ కూడా కొంత మారింది. ఇక మన చేలల్లో పుట్టలు పెట్టే ఒడొంటోటెర్మిస్ చెదల పేగులో ఆ ప్రోటోజోవాలే లేవు. మన పిల్లలు గట్టు మీద పుట్టను రోజూ చూస్తూ, ఎక్కడిదో చెద గురించి బట్టీపడుతున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

నెల్లూరు మొలగొలుకుల అన్నం మనకు అరుగుతుంది, అదే వరి గడ్డి అరగదు. పిండిపదార్థమూ సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే. ముడిపడిన తీరే వేరు. ఆ ముడి విప్పే ఎంజైమ్ మనకు లేదు. ఒంగోలు ఎద్దుకూ సొంతంగా లేదు, కడుపులోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. అయినా గడ్డిలోని లిగ్నిన్ చాలావరకు పేడలోనే పోతుంది. సెల్యులోజ్‌ను బంకలా పట్టి ఉంచేది ఈ లిగ్నినే. దాన్ని బాగా విడగొట్టాలంటే ఆక్సిజన్ కావాలి, ఎద్దు పొట్టలో అది దొరకదు. ఇదే పనికి కాగితం మిల్లులో మన సుబాబుల్ కర్రను కాస్టిక్ సోడాలో 160, 170 డిగ్రీల దాకా ఉడకబెడతారు.

చెద ఆ పనిని ఒంటి బయట, గాలి ఆడే పుట్టలో పెట్టుకుంది. చిన్న వయసు కూలి చెదలు ఆకు, పుల్ల, బూజు గింజలు కలిపి తిని, సగం అరిగిన దాన్ని తుట్టె పైన పెడతాయి. బూజు వారాల తరబడి దాన్ని మెత్తబరుస్తుంది. కింద పాతబడిన భాగాన్ని పెద్ద చెదలు తింటాయి, మిగిలింది వాటి పేగులోని బాక్టీరియా చూసుకుంటుంది. వానల తర్వాత పుట్ట మీద లేచే గొడుగు ఈ బూజుదే. మన పెద్దవాళ్లు ఊరికే పుట్టగొడుగు అనలేదు.

గుమ్మానికి చెద పడితే మందు కొట్టాల్సిందే. వేరుశనగ చేలో రైతు నష్టం కూడా నిజమే. కానీ బీడులో, గట్టు మీద ఎవరి జోలికీ రాని పుట్టల్లో కూడా డబ్బాలకు డబ్బాలు పురుగుమందు పోయడం ఆపాలి. కాలేజీ వాళ్లు పిల్లల్ని ఒక్కసారి ఆ పుట్ట దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆ రోజు ఒక తుట్టె ముక్కను ఇంటికి తెచ్చి స్టీలు డబ్బాలో పెట్టాను. కొన్ని రోజులకే దాని మీద సన్నటి కాడల్లా వేరే బూజు లేచి, తెల్ల గింజలన్నిటినీ కమ్మేసింది. పుట్టలో చెదలు ఉన్నన్నాళ్లూ ఆ కలుపు తలెత్తలేదు.