గ్రాముకి ఇరవై రెండు వేల డాలర్లు

(బెల్‌ఫాస్ట్‌లో ఒక వంటగది. 2025 నవంబరు 16, ఆదివారం. ముందురోజు రాత్రే లండన్ టాటెన్‌హామ్ స్టేడియంలో బాక్సర్ కానర్ బెన్, ఏప్రిల్లో తనని ఓడించిన క్రిస్ యూబ్యాంక్ జూనియర్ మీద పగ తీర్చుకున్నాడు. వసుంధర పల్లీలు వేయిస్తోంది. శేషగిరి నోటుపుస్తకం నిండా బాక్సర్ల జోడీలు రాస్తున్నాడు.)

శేషగిరి: కుదిరిపోయిందే! వచ్చే వేసవికి ఇక్కడి విండ్సర్ పార్కు స్టేడియంలో మన ఛాంపియన్ లూయిస్ క్రాకర్, కానర్ బెన్. వెల్టర్‌వెయిట్, ఐబీఎఫ్ (అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య) వాళ్ళ ప్రపంచ టైటిల్ బెల్టు.

వసుంధర: ఎవరు కుదిర్చారు?

శేషగిరి: నేనే.

వసుంధర: పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ముందు ఇరువైపులా ఓ మాట అడుగుతాడండీ. సరే, బెన్ నిన్న ఎంత బరువులో దిగాడు?

శేషగిరి: మిడిల్‌వెయిట్. 160 పౌండ్లు.

వసుంధర: క్రాకర్ బెల్టు ఎంత బరువు విభాగానిది?

శేషగిరి: 147. అయితే ఏంటి? తగ్గుతాడు.

వసుంధర: పదమూడు పౌండ్లు, అంటే దాదాపు ఆరు కిలోలు. పైగా ఐబీఎఫ్ వాళ్ళకి ముందురోజు తూకం ఒక్కటే చాలదు. టైటిల్ మ్యాచ్ రోజు పొద్దున్న మళ్ళీ కాటా ఎక్కాలి, అప్పటికి పరిమితి మీద పది పౌండ్లకి మించి పెరగకూడదు. నీళ్ళు మానేసి, ఆవిరి గదిలో కూర్చుని 147కి దిగి, తెల్లారేసరికి 165కి పొంగే కిటుకు అక్కడ చెల్లదు. 157 దాటితే బెల్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

శేషగిరి: అబ్బా, కాస్త అటూ ఇటూ అయితే చూసీ చూడనట్టు పోతారులే.

వసుంధర: ఏప్రిల్లో యూబ్యాంక్‌ని చూసీ చూడనట్టు పోయారా? మొదటిసారి ఎక్కితే 160.2. దిగి, మళ్ళీ ఎక్కితే 160.05. అంటే 0.05 పౌండు ఎక్కువ. అదెంతో చూపిస్తా, ఉండండి.

(కూరల కాటా ముందుకి లాగి, మూకుడులోంచి చారెడు పల్లీలు పోస్తుంది. 61 చూపిస్తుంది. ఒక్కో గింజా తీసేస్తూ పోతుంది. 40... 31... 23 దగ్గర ఆపుతుంది.)

వసుంధర: ఇదిగో. ఇరవై మూడు గ్రాములు కూడా నిండదు. దీనికి ఒప్పందంలో రాసుకున్న జరిమానా ఐదు లక్షల డాలర్లు.

శేషగిరి: (ఫోనులో లెక్కకట్టి) గ్రాముకి ఇరవై రెండు వేల డాలర్లా! బంగారమే చవకే!

(కాటా మీది గింజ ఒకటి నోట్లో వేసుకుంటాడు.)

వసుంధర: అర గ్రాము ఉంటుంది. పదకొండు వేలు నమిలేశారు.

శేషగిరి: అయినా మర్నాడు యూబ్యాంకే గెలిచాడుగా.

వసుంధర: గెలిచాడు. నిన్న అదే బరువులో పన్నెండో రౌండులో రెండుసార్లు కిందపడి ఓడాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు మాటిమాటికీ ఒళ్ళు ఎండగట్టుకుంటే కాళ్ళలో ఏం మిగులుతుంది?

శేషగిరి: సరే, బెన్ వద్దు. క్రాకర్, ప్యాడీ డోనవన్. మూడోసారి! ఇద్దరూ ఇక్కడివాళ్ళే, ఇద్దరిదీ 147. ఇప్పుడేం వంక పెడతావో పెట్టు.

వసుంధర: మీ క్రాకర్‌కి మూడోది ఎందుకు? మార్చిలో మొదటి మ్యాచ్‌లో డోనవన్ చేతిలో తన్నులు తిన్నాడు.

శేషగిరి: గెలిచింది క్రాకరే!

వసుంధర: గెలిచాడా, గెలిపించారా? తలతో పొడుస్తున్నాడని డోనవన్‌కి అప్పటికే రెండు పాయింట్లు కోశారు. అయినా ఎనిమిదో రౌండులో క్రాకర్‌ని పడగొట్టాడు. లేచాడు. గంట మోగింది. మోగాక డోనవన్ ఇంకోటి వేశాడు, క్రాకర్ మళ్ళీ వెల్లకిలా. రిఫరీ డోనవన్‌ని డిస్‌క్వాలిఫై చేశాడు. చేతిలో ఉన్న మ్యాచ్‌ని ఒక్క క్షణం ఆగలేక పారేసుకున్నాడు లిమరిక్ కుర్రాడు.

శేషగిరి: మరి సెప్టెంబరులో విండ్సర్ పార్కులో?

వసుంధర: అది వేరే. ఐబీఎఫ్ వాళ్ళు రీమ్యాచ్ జరపాల్సిందే అన్నారు. ఈలోగా జారన్ ఎన్నిస్ బెల్టు వదిలేసి పై బరువుకి పోయాడు. దాంతో టైటిల్ మ్యాచ్‌కి ఎవరు అర్హులో తేల్చే ఎలిమినేటర్ కాస్తా ఖాళీ బెల్టుకి టైటిల్ మ్యాచ్ అయింది. ఇద్దరు ఐర్లాండ్ వాళ్ళు ప్రపంచ టైటిల్‌కి తలపడటం అదే మొదటిసారి. మూడో రౌండులో ఒకసారి, ఐదులో ఒకసారి డోనవన్ కింద కూర్చున్నాడు. మామూలుగా రౌండు పోతే 10–9, కిందపడి పోతే 10–8. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు తేల్చిన స్ప్లిట్ డెసిషన్ దాకా వచ్చిన మ్యాచ్‌లో ఆ పడటాలు ఊరికే పోతాయా?

శేషగిరి: అందుకే మూడోది అంటున్నా!

వసుంధర: డోనవన్‌కి కావాలి, క్రాకర్‌కి అక్కర్లేదు. బెల్టు ఎవరి నడుముకి ఉంటే మాట వాళ్ళది. అదీ కొన్నాళ్ళే. తొమ్మిది నెలల్లో మాండేటరీ అని, తప్పక తలపడాల్సిన ప్రత్యర్థిని ఒకణ్ణి తెచ్చి నిలబెడతారు, కొట్టుకోనంటే బెల్టు పీకేస్తారు. హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీ 2015 నవంబరులో ఛాంపియన్ క్లిచ్‌కోని ఓడించాడా, పది రోజులకే ఐబీఎఫ్ బెల్టు పోయింది. మాండేటరీని వదిలి రీమ్యాచ్‌కి ఒప్పుకున్నందుకు.

శేషగిరి: మన ఆంటనీ కకాచే బెల్టుని తనే వదిలేశాడు. ఏమైంది? నాటింగ్‌హామ్ వెళ్ళి లీ వుడ్‌ని వాళ్ళ ఊళ్ళోనే తొమ్మిదో రౌండులో ఆపాడు.

వసుంధర: అది తెలివి. ఎవరికీ తెలియని మాండేటరీతో కొట్టుకుంటే టికెట్లు అమ్ముడుపోవు.

శేషగిరి: డబ్బు తేలకపోతే పర్సు బిడ్ ఉందిగా. మ్యాచ్ జరిపే ప్రమోటర్లు ఎంత ఇస్తారో రాసిచ్చిన కవర్లు విప్పుతారు, ఎక్కువ రాసినవాడిదే మ్యాచ్.

వసుంధర: ఆ పంపకం ఎలా ఉంటుందో తెలుసా? 2022లో ఫ్యూరీ, డిలియన్ వైట్ మ్యాచ్‌కి ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ నాలుగు కోట్ల పది లక్షల పాతిక వేల డాలర్లు రాశాడు. ఎడ్డీ హెర్న్ 32 మిలియన్ల దగ్గరే ఆగిపోయాడు. అందులో పది శాతం గెలిచినవాడికని ముందే పక్కన పెట్టారు. మిగిలినదాంట్లో ఫ్యూరీకి ఎనభై, వైట్‌కి ఇరవై. వైట్‌కి దక్కింది 73 లక్షల 84 వేల చిల్లర.

శేషగిరి: అదేం అన్యాయమే!

వసుంధర: ఛాంపియన్ ఛాంపియనే. ఇంతా చేసి కాగితం మీద అన్నీ కుదిరినా నమ్మకం లేదు. 2017 జులైలో కార్ల్ ఫ్రాంప్టన్ ఈ ఊళ్ళోనే తూకానికి వచ్చి 126కి బదులు 127 తూగాడు. పరువు పోయింది, సరే మ్యాచ్ అయినా ఉందనుకున్నారు. ఆ రాత్రి అవతలివాడు గుటియెరెస్ స్నానాల గదిలో జారిపడి గడ్డం చీల్చుకున్నాడు. మ్యాచ్ రద్దు.

శేషగిరి: (నోటుపుస్తకం మూసి) ఇంతకీ నీ ఉద్దేశంలో చూడదగ్గవాడు ఒక్కడైనా ఉన్నాడా?

వసుంధర: ఐర్లాండ్‌లో మొనహన్ కుర్రాడు ఆరన్ మెకెన్నా. ఏప్రిల్లో అదే టాటెన్‌హామ్‌లో లియామ్ స్మిత్ లాంటి మాజీ ఛాంపియన్‌ని పన్నెండు రౌండ్లూ పక్కటెముకల మీదే వాయించాడు, ఆఖరి రౌండులో కూర్చోబెట్టాడు. ఇంతవరకూ ఓటమి లేదు. ఇప్పుడు ఆడేదీ 160లోనే. ఒక్క ఎలిమినేటర్ ఇప్పించండి చాలు.

శేషగిరి: ఇప్పించడానికి నేనెవర్ని?

వసుంధర: ఇందాకటిదాకా విండ్సర్ పార్కు అద్దెకి తీసుకున్నారుగా.

(పల్లీలు రెండు గిన్నెల్లోకి సర్దుతుంది. శేషగిరి తన గిన్నె చూసుకుంటాడు.)

శేషగిరి: ఇవేంటి, ఇన్నేనా?

వసుంధర: వేయించింది నేను కాబట్టి ఛాంపియన్ని నేనే. ఎనభై, ఇరవై. పది శాతం గెలిచినవాళ్ళకని ముందే తీసేశా.

శేషగిరి: గెలిచింది ఎవరో తేలకుండానే?

వసుంధర: తేలింది. మీరు ఇందాకే కాటా మీద చెయ్యి పెట్టి డిస్‌క్వాలిఫై అయ్యారు.

శేషగిరి: రీమ్యాచ్ కావాలి నాకు!

వసుంధర: ఇస్తానండీ. తొమ్మిది నెలలు టైముంది.