1308 సీసీ అంట, 208 అంట!

గృహప్రవేశానికి వెళ్ళామా, పులిహోర తిన్నామా, తాంబూలం తీసుకుని ఇంటికొచ్చామా అన్నట్టు ఉండాల్సింది. నాదే తప్పు. పిల్లలు చుట్టూ చేరి "అంకుల్, ఒక్కసారి స్టార్ట్ చెయ్యండి, ఆ బ్రాప్ బ్రాప్ శబ్దం వినాలి" అంటే ఆగలేక మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో ఆ కొత్తింటి ముందే నా రోటరీ ఇంజన్ కారు బానెట్ ఎత్తా. ఎత్తానో లేదో వెనకాల ప్లేటుతో మా బావ ప్రత్యక్షం. పెద్దమ్మ అల్లుడు. ఎలక్ట్రిక్ కారు కొన్న దగ్గర్నుంచీ ప్రపంచంలో ఉన్న ఇంజన్లన్నీ ఆయన పర్మిషన్ తీసుకుని తిరగాలి.

"ఇంజన్ ఎంతరా?" అన్నాడు. మాజ్దా 13బీ రోటరీ బావా, 1308 సీసీ అన్నా. "రెండు మారుతీ 800లు కలిపిన దానికంటే చిన్నది, దానికి ఇంతింత చెంబులు రెండా?" అని నా వెబర్ 48 ఐడీఏ కార్బొరేటర్ గొట్టాల వైపు గరిట చూపించి నవ్వాడు. అక్కడితో వదిలేసినా బాగుండేది. ఫోన్ తీసి ఎక్కడో ఫార్ములా పట్టుకుని, 80 క్యూబిక్ ఇంచులు, ఇంటూ 9000 ఆర్‌పీఎం, బై 3456, "208 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 208 ఘనపుటడుగుల గాలి చాలు నీకు, మరీ పెద్దది పెట్టి ఓవర్ కార్బ్ చేశావ్" అని పది మంది ముందు తీర్పు చెప్పేశాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, ఆ కార్బొరేటర్ ఎంతకి కొన్నానో తను ఇంకా మర్చిపోలేదు.

బావా, నువ్వు ఇది చదవవని తెలుసు, అయినా చెప్తా. ఆ ఫార్ములా ఫోర్ స్ట్రోక్ పిస్టన్ ఇంజన్‌ది. పిస్టన్ రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది, అందుకే కింద ఆ 3456 ఉంది. రోటరీలో పిస్టన్ బదులు తిరిగే త్రికోణం ఉంటుంది, అదే రోటర్, దానికి మూడు ముఖాలు, అది ఒక్క చుట్టు తిరిగే లోపు షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది, అంటే షాఫ్ట్ తిరిగిన ప్రతి చుట్టుకీ ఒక్కో రోటర్ తన 654 సీసీ పీల్చేసినట్టే. ఆ ఫార్ములాలో పెట్టాల్సింది 80 కాదు, 160. అప్పుడు 9000కి 416 వస్తుంది. సగానికి సగం తప్పు చెప్పి పైగా ఇంకో గారె వేసుకున్నాడు. జపాన్‌లో టాక్స్ వసూలు చేసేవాళ్ళకి కూడా తెలుసు ఈ సంగతి, రోటరీ సీసీని ఒకటిన్నర రెట్లు చేసి లెక్కేస్తారు. టాక్స్ వాళ్ళకి తెలిసింది సొల్యూషన్ ఆర్కిటెక్ట్ అయిన మా బావకి తెలీదు.

(ఇక్కడే ఆస్ట్రేలియాలో 1983లో అలన్ మోఫట్ అనే రేసర్ మాజ్దా వాళ్ళ రోటరీ కారు ఆర్‌ఎక్స్-7 వేసుకుని పెద్ద పెద్ద వీ8 ఇంజన్ల కార్లని దాటి టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ కొట్టుకుపోయాడు. అప్పుడు కూడా ఎవడో ఒకడు ఇంత చిన్న ఇంజనా అని నవ్వే ఉంటాడు. సరే.)

ఇప్పుడు రెండో బ్యాచ్. వీళ్ళు ఇంకా డేంజర్. బావ వెళ్ళాక ఒక తమ్ముడు పక్కకి వచ్చి "అన్నా, నాది 12ఏ, నీ రోటరీకంటే చిన్నది, దానికి నేను 51 కార్బొరేటర్ వేశా, పెద్దది ఉంటే ఫ్యూచర్‌లో పనికొస్తుంది కదా" అన్నాడు. ఫ్యూచర్‌కా? ఎదిగే పిల్లాడికి చొక్కా కొంటున్నామా, రెండు సైజులు ఎక్కువ తీసుకోవడానికి? పోర్టింగ్, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే రంధ్రాలు కోయించడం, ఏం చేయించావ్ అంటే "ఏం లేదన్నా, స్టాకే, కంపెనీ ఇచ్చినట్టే ఉంది" అన్నాడు. స్టాక్ పోర్టు 12ఏకి 51! నాకు ఏడవాలో నవ్వాలో తెలీలా.

కొబ్బరిబొండాంలో సన్న స్ట్రా వేసి లాగు, మొదటి పీల్పుకే నీళ్ళు నోట్లోకొస్తాయి. అదే బొండాంలో బోరు పైపు దించి లాగు, గాలి తప్ప ఏం రాదు. కార్బొరేటర్‌లో జరిగేది దాదాపు అదే. వెంచురీలో, అంటే లోపల ఇరుకైన గొంతు దగ్గర, గాలి వేగంగా పోతేనే అక్కడ ప్రెషర్ పడిపోయి జెట్ అనే సన్న రంధ్రం లోంచి పెట్రోల్ పైకి లేస్తుంది. రంధ్రం పెద్దదైతే కింద ఆర్‌పీఎంలో గాలి బద్ధకంగా నడుస్తుంది, పెట్రోల్ లేవదు, లేచినా తుంపర అవ్వకుండా చుక్కలు చుక్కలుగా ఇంజన్‌లోకి పోయే గొట్టం, ఆ మానిఫోల్డ్ గోడలకి అంటుకుంటుంది. తొక్కితే గుక్క తిప్పుకోలేనట్టు ఆగి, 4000 దాటాక హఠాత్తుగా మేలుకుంటుంది. ఆ మేలుకున్న క్షణం చూసి వీళ్ళు "అబ్బ, ఏం పవరన్నా" అంటారు. ఆ ముందు పోయిన మూడు సెకన్ల సంగతి ఎవడూ చెప్పడు.

అసలు నన్ను మండించింది ఆ తర్వాత చెప్పిన మాట. స్పార్క్ ప్లగ్గులు నల్లగా వస్తున్నాయని, పెట్రోల్ ఎక్కువైందని వర్క్‌షాప్‌లో మెయిన్ జెట్లు తగ్గించారంట. ఒరే నాయనా, సిగ్నల్ దగ్గర ఆగి ఆగి నల్లబడ్డ ప్లగ్గుకి కారణం బండి నిలబడ్డప్పుడు పెట్రోల్ ఇచ్చే ఐడిల్ జెట్టు, మెయిన్ జెట్టుకి అప్పుడింకా తెల్లారలేదు. దాన్ని తగ్గిస్తే ఏమవుద్ది? ఫ్రీవే మీద ఫుల్ లోడ్‌లో లీన్ అవుద్ది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు, డెటొనేషన్ వస్తది, లోపల అదుపు తప్పి పేలుద్ది, రోటరీకి డెటొనేషన్ అంటే రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీల్ విరిగిపోవడమే, అది విరిగాక ఆ ముక్క ఊరికే కూర్చోదు, రోటర్ తిరిగే గది, ఆ హౌసింగ్‌ని గీకిపారేస్తుంది. ఆ తమ్ముడికి అదే జరిగింది, పోయిన నెల. వెనక రోటర్ పోయింది. ఇప్పుడు ఇంకో హౌసింగ్ వెతుకుతున్నాడు, అది దొరకాలంటే ఎంత పుణ్యం చేసుకోవాలో ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకే తెలుసు. అంత జరిగాక కూడా 51 మార్చనంటాడు. సౌండ్ బాగుంటదంట!

48, 51 అంటుంటారు కదా, అది కింద థ్రాటిల్ ప్లేటు దగ్గర మిల్లీమీటర్లలో కొలత. గాలి పీక పిసికేది లోపల ఉండే చోక్, ఇందాక చెప్పిన వెంచురీయే, అది విప్పి మార్చుకోవచ్చు. ఎవడైనా "నాది 48" అంటే నా మొదటి ప్రశ్న లోపల చోక్ ఎంత అని. తొంభై శాతం మందికి తెలీదు. ఈ కార్బొరేటర్లలో ఒక్కో బ్యారెల్, అంటే ఒక్కో గొట్టం, ఒక్కో రోటర్‌కి పెడుతుంది కాబట్టి నీ పోర్టు ఏంటి, ఎంత ఆర్‌పీఎం దాకా లాగుతావ్, రోజూ ఆఫీసుకా లేక ట్రాక్‌కా, ఈ మూడూ చూసి చోక్ ఎంచుకోవాలి. నాది బ్రిడ్జ్ పోర్ట్ అనే రకం, ఎగ్జాస్ట్ ఇంకా మూసుకోకముందే ఇంటేక్ తెరుచుకుంటుంది, ఐడిల్‌లో కాలిన పొగ కూడా లోపలికొచ్చి కలుస్తుంది, ఆ బ్రాప్ బ్రాప్ దాని వల్లే. ఇది కిందెలాగూ సరిగ్గా నడవదు, దీని ఊపిరంతా పైనే. స్టాక్ పోర్టువాడికి ఆ లెక్క వేరు. ఇక హోలీ కంపెనీ ఫోర్ బ్యారెల్ కార్బొరేటర్ల వాళ్ళ గొడవ ఇంకోటి, సీఎఫ్ఎం కొలిచేటప్పుడు టూ బ్యారెల్‌ని 3 ఇంచుల మెర్క్యురీ ప్రెషర్ తేడా దగ్గర, ఫోర్ బ్యారెల్‌ని 1.5 దగ్గర కొలుస్తారు, అంటే టూ బ్యారెల్ 500 అన్నది ఫోర్ బ్యారెల్ లెక్కలో 354కి అటూ ఇటూ. అది చూడకుండా నంబర్లు పోల్చుకుని కొట్టుకుంటుంటారు, కొట్టుకోనీండి.

బెజవాడలో కాలేజీ రోజుల్లో కూడా ఇదే రోగం. యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్‌కి పెద్ద బండి కార్బొరేటర్ వేస్తే ఎగురుద్దని నా రూమ్మేట్ చెప్తే నమ్మి ఆటోనగర్‌లో వేయించా. బెంజ్ సర్కిల్ దగ్గర గ్రీన్ పడితే అందరూ వెళ్ళిపోయేవాళ్ళు, నేను క్లచ్ పట్టుకుని రేజ్ చేస్తూ అక్కడే. ఆ కార్బొరేటర్ వాడిదేనని, నాకు అంటగట్టాడని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ ఎనిమిది వందలు ఇవ్వలేదు.

కానీ దాన్ని మించిన మోసం ఇక్కడే జరిగింది, మెల్‌బోర్న్‌లో. ఈ 48 నాకు అమ్మిన మహానుభావుడు "42 చోక్‌లు మేట్, బ్రిడ్జ్ పోర్ట్‌కి పర్ఫెక్ట్" అన్నాడు. నేను వెర్రివెంగళప్పలా విప్పి చూడలా. బండి 6500 దాకా బ్రహ్మాండంగా లాగి అక్కడ చతికిలబడేది. వర్క్‌షాప్‌కి వెళ్తే వాళ్ళూ విప్పి చూడలా, "నీ పోర్టింగ్ బాలేదు" అన్నారు. అది విని నేను ఇంజన్ దించా. రెండోసారి! పోర్టులు మళ్ళీ కోయించా, సీల్స్ కొత్తవి, గాస్కెట్లు కొత్తవి, బండి తీసిన ప్రతిరోజూ రాయాల్సిన క్లబ్ పర్మిట్ లాగ్‌బుక్ ఏడాదంతా ఖాళీ. ఎక్కించాక చూస్తే మళ్ళీ అదే 6500, అదే చతికిల. ఒక రాత్రి నిద్ర పట్టక గరాజ్‌లోకెళ్ళి కార్బొరేటర్ విప్పి వెర్నియర్ పెట్టి కొలిచా. 37. రెండూ 37. గాలి పోయే దారి 22 శాతం తక్కువ! రెండేళ్ళు! ఆ అమ్మినోడికి మెసేజ్ పెడితే బ్లాక్ చేశాడు, వర్క్‌షాప్‌వాళ్ళు "ఓ, రియల్లీ?" అన్నారు, బిల్లు మాత్రం ఒక్క డాలర్ తగ్గించలా.

42 చోక్‌లు తెప్పించి, దానికి తగ్గట్టు జెట్లు మార్చి, గాలి, పెట్రోల్ పాళ్ళు చూపించే వైడ్‌బ్యాండ్ మీటర్ చూసుకుంటూ మూడు వారాంతాలు కూర్చున్నాక ఇప్పుడు 9000 దాకా ఏడవకుండా వెళ్తుంది. ఆ బండికి మా బావ గరిట చూపించి 208 అన్నాడు.

ఆ 37 జత నా దగ్గరే ఉంది, గరాజ్‌లో పాత హార్లిక్స్ సీసాలో. ఆ 12ఏ తమ్ముడికి సరిగ్గా సరిపోయే సైజు, ఊరికే ఇచ్చేద్దామనే అనుకున్నా. కానీ వాడి దగ్గరున్నది 51, అందులో ఇవి కూర్చోవు.