ఇచ్చేటప్పుడు ఒక రేటు, పుచ్చుకునేటప్పుడు ఒక రేటు

మా మీటరు రెండు అంకెలు చూపిస్తుంది. ఒకటి గ్రిడ్ నుంచి మేం తీసుకున్నది, రెండోది మా సోలార్ పలకలు గ్రిడ్‌కి పోసింది. మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు, ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటూ ఉంటుంది. అప్పుడు రెండో అంకె చకచకా పరిగెడుతుంది. చూస్తుంటే కడుపు నిండిపోతుంది.

బిల్లు వచ్చాక నీరసం. సాయంత్రం మేం కొనుక్కునే యూనిట్‌కి ఒక రేటు, మధ్యాహ్నం మేం ఇచ్చిన దానికి అందులో సగం కూడా లేదు. అడిగితే తీగలు, స్తంభాలు, నిర్వహణ అంటారు. సరే, ఆ ఖర్చు అబద్ధమని నేననను. కానీ నా కరెంటు వెళ్లేది పక్కింటి ఏసీలోకే కదా! ఆయన దగ్గర పూర్తి రేటే గుంజుతున్నారుగా?

జర్మనీ 2000లో చట్టం చేసి, ఇలా గ్రిడ్‌కి పోసే సోలార్ కరెంటుకి ఒకసారి ఖాయమైన రేటుకి 20 ఏళ్లు భరోసా ఇచ్చింది. కొత్తగా చేరేవాళ్లకి తగ్గించుకుంటూ పోయింది, అది వేరే కథ. బ్రిటన్ అలాంటి పథకమే 2010లో మొదలుపెట్టి, 2019 మార్చి 31తో కొత్తవాళ్లకి తలుపులు మూసేసింది. మరో పథకం 2020 జనవరి 1న గానీ రాలేదు. అందులో రేటు కంపెనీల ఇష్టం, సున్నా కంటే ఎక్కువుంటే చాలట! ఆ మధ్య తొమ్మిది నెలల్లో పలకలు పెట్టించుకున్నవాళ్లు గ్రిడ్‌కి పోసినదానికి డబ్బివ్వాలన్న నియమమే లేదన్నమాట.

అన్నట్టు, కరెంటు పోతే మా పలకలూ ఆగిపోతాయి. తీగల మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండానట, న్యాయమే. నడినెత్తిన ఎండ, ఇంట్లో ఫ్యాన్ మాత్రం తిరగదు.