ప్రింటర్ ముందా, వైస్ ముందా?

విద్యార్థుల రోబోటిక్స్ జట్టుకు కొత్త వర్క్‌షాప్. ఉన్న డబ్బుతో ముందు త్రీడీ ప్రింటర్ కొనాలని ఒకరు, ముక్కను బిగించి పట్టే బెంచ్ వైసూ, స్టాండు మీద నిలిచే రంధ్రాల యంత్రం డ్రిల్ ప్రెస్సూ కొనాలని మరొకరు.

ప్రింటర్ పక్షం: పిల్లలు సాయంత్రం గీసిన మోటర్ బ్రాకెట్ తెల్లారేసరికి చేతికొస్తుంది. రంపంతో కోసి, ఆకురాయితో రుద్దే శ్రమ దేనికండీ?

వైస్ పక్షం: వస్తుంది, మోటర్ వేడెక్కేదాకా ఉంటుంది. ప్రింటర్‌లో మామూలుగా వాడే ప్లాస్టిక్ పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పైగా పొర మీద పొర పోసిన ముక్క. పొరల్ని విడదీసే వైపు లాగుడు పడితే చీలిపోతుంది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీకి ఆ బెడద లేదు.

ప్రింటర్ పక్షం: పీఈటీజీ అనే ప్లాస్టిక్ వాడితే 70 డిగ్రీలకూ నిలుస్తుంది. ముక్కను పడుకోబెట్టి ప్రింట్ చేస్తే చీలికా తగ్గుతుంది. మీ పట్టీకి హ్యాండ్ డ్రిల్‌తో వేసిన రంధ్రాల సంగతేమిటి? గేర్ల మధ్య దూరం అర మిల్లీమీటరు తప్పినా పళ్లు బిగుసుకుంటాయి, లేదా జారతాయి.

వైస్ పక్షం: డ్రిల్ ప్రెస్ అడిగేది అందుకేగా! సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, ముక్కను వైస్‌లో బిగించి, ఎం3 (3 మిల్లీమీటర్ల) బోల్టుకు 3.2 మిల్లీమీటర్ల బిట్ దింపాలి. చేత్తో పట్టుకుంటే బిట్ అవతలికి దిగే క్షణంలో ముక్కను గిర్రున తిప్పేస్తుంది. వేళ్లు తెగేది అక్కడే. చేతి తొడుగులూ వద్దు, బిట్‌కు చుట్టుకుంటాయి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. అన్నట్టు, ఈ రెండింటికన్నా ముందు కొనాల్సింది క్రింపింగ్ టూల్.

ప్రింటర్ పక్షం: వైర్ల కొసలకు టెర్మినల్ (లోహపు తొడుగు) నొక్కడానికా? ప్లయర్ ఉందిగా.

వైస్ పక్షం: ప్లయర్‌తో నొక్కిన టెర్మినల్ గట్టిగానే కనిపిస్తుంది. అదురుకు లోపలి పోగులు వదులై కరెంటు వచ్చి పోతుంటుంది. బల్ల మీద నడిచిన రోబో మైదానంలో ఆగిపోతుంది. పిల్లలేమో పూటంతా కోడ్‌లో తప్పు వెతుకుతారు.

ప్రింటర్ పక్షం: అది ఒప్పుకుంటాను. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలకు, సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ కూడా అదే వరుసలో పెట్టండి. సెల్లుకు 4.2 వోల్టులు దాటకూడదు, వాడకుండా పక్కన పెట్టేటప్పుడు 3.8 ఉంచాలి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీని 2.2 ఆంపియర్లతో ఎక్కిస్తే చాలు. ఉబ్బినదాన్ని అసలు ఛార్జింగ్‌కే పెట్టొద్దు. ఇక మిగిలిన డబ్బుతో ప్రింటర్ కొంటే, రంధ్రాల గైడ్ ప్రింట్ చేసి పట్టీ మీద పెట్టి పంచ్ కొట్టొచ్చు.

వైస్ పక్షం: కొట్టొచ్చు. డ్రాయింగును అసలు సైజులో కాగితం మీద తీసి అతికించినా అదే పని జరుగుతుంది. ఆ గుర్తు మీద రంధ్రం నిటారుగా వేసేది దేంతో?