కోడిగంపకు బహిరంగ లేఖ

శ్రీ కోడిగంప గారికి,

విజయనగరం జిల్లా చీపురుపల్లి పక్క పల్లెలో మీ మీద 300 రూపాయలు తగలేసిన ఆసామి రాయునది ఏమనగా...

సంతలో మిమ్మల్ని అల్లినావిడ బోర్లించి, మీదెక్కి కూర్చుని మరీ చూపించింది, మీరెంత గట్టివారో. ఆ నమ్మకంతోనే మా పెరటి కోళ్ల వంశం మీ చేతిలో పెట్టాను. పుంజు కడక్‌నాథ్, ఒళ్లంతా నల్లగా ఉండే జాతి. మధ్యప్రదేశ్‌లో ఝాబువా దాని సొంతూరు, ఆ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఇంట్లో ఇంకెవరికీ అంత గుర్తింపు లేదు. పెట్ట మన నాటుదే. ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడుతుంది, పెట్టిన ప్రతిసారీ ఊరంతా టముకేస్తుంది. రెండింటినీ మూడు రోజులు మీ కింద ఉంచాను. నాలుగో రోజు నుంచి గుడ్లు దాచి, పదకొండు పొదగేశాను.

21వ రోజుకి తొమ్మిది పిల్లలు. నల్లవి రెండే. మిగతా ఏడూ గోధుమరంగు చారలతో, పచ్చటి కాళ్లతో, అచ్చం పక్కింటి డేగ పుంజే.

మీ బొక్కలు కొలిచాను. చెయ్యి పట్టదు. పశువుల డాక్టరుగారిని అడిగితే నవ్వి, "పుంజుని తీసేసినా దాని బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలవుంటుందండీ" అన్నారు. అంటే మీరు కాపలాకి దిగేసరికే దొంగతనం అయిపోయిందన్నమాట. అయినా తప్పు మీదే. డాక్టర్ని అనలేను. పెట్టని అంటే గుడ్లు మానేస్తుంది.

మామ్మ మాత్రం తేల్చేసింది: "గంప కింద పెట్టీసినంత మాత్రాన సంబంధం కుదిరిపోద్దేటిరా?"

నిరుడు వనరాజా కోళ్లు తెచ్చినప్పుడు మీరింకా మా గడప తొక్కలేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన రకం, నాటుదానికి రెట్టింపు పెట్టాయి. పొదగమంటే మాత్రం ఒక్కటీ కూర్చోలేదు. గుడ్లు నాటుపెట్ట కిందేసి పిల్లలు లేపితే, తల్లి సైజు ఒకదానికొస్తే దాని గుడ్లు ఇంకోదానికి రాలేదు. అవే కలగలుపు రకం, మళ్లీ కలిపితే ఇంతేనట. అప్పుడు తిట్టడానికి మీరు లేరు, నన్ను నేనే తిట్టుకున్నాను.

అసలు గొడవ పైడితల్లమ్మ పండగది. మామ్మ నల్లపుంజు మొక్కుకుంది. ఆ రెండు నల్ల పిల్లల్లో పుంజు ఒక్కటే. మొన్న దాన్ని చంకలో ఇరికించుకుని, మెడ దగ్గర ఈకలు పాయలు పాయలుగా విప్పి చూసింది. "ముక్కుపొడుం రంగు కొట్టేత్తంది. దీన్ని అమ్మోరికి ఎలా ఇస్తాంరా?" అని వదిలేసింది. ఆ పుంజు మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఈసారి డాక్టరు చెప్పినట్టే పెట్టని ఒంటరిగా మూడు వారాలు ఉంచుదామని మీ కింద పెట్టాను. ఇవాళ పన్నెండో రోజు. తెల్లారగట్ల పక్కింటి డేగ పుంజు మీ నెత్తినెక్కి కూసింది. లోపల్నుంచి మా పెట్ట బదులు పలికింది. మీరు కిక్కురుమనలేదు.

ఇట్లు,
మీ 300 రూపాయల యజమాని