మెయిల్‌డిర్ ఎప్పుడూ వేగమేనా?

మెయిళ్లను డిస్కులో దాచే పద్ధతుల్లో ఎంబాక్స్ ఒకటి, మెయిల్‌డిర్ ఇంకొకటి. ఎంబాక్స్ నుంచి మెయిల్‌డిర్‌కి మారితే అంతా వేగమే అని కొందరు రాస్తుంటారు. సగమే నిజం. ఎంబాక్స్‌లో ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలు. మధ్యలో ఒక మెయిల్ తీసేస్తే ఆ తర్వాతి భాగమంతా తిరిగి రాయాలి, అంతసేపూ ఆ ఫైలుకు లాక్, ఇంకెవరూ దాన్ని మార్చకుండా. మెయిల్‌డిర్‌లో ఆ బాధ లేదు, ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. కానీ బ్యాకప్ రోజున తెలుస్తుంది అసలు సంగతి! లక్షల చిన్న ఫైళ్లను ఒక్కొక్కటే తడుముకుంటూ ఫైళ్లను కాపీ చేసే నా ఆర్‌సింక్ ప్రోగ్రామ్ రాత్రంతా నడిచింది.

ఇంకోటి, ఐనోడ్లు. అంటే ఫైలు వివరాలు ఉంచే నమోదులు, ప్రతి ఫైలుకూ ఒకటి కావాలి. లినక్స్‌లో వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మామూలుగా డిస్కులో ప్రతి 16 కేబీకి ఒకటి చొప్పున ఫార్మాట్ చేసేటప్పుడే కేటాయిస్తుంది. అన్నీ 4 కేబీ లోపు మెయిళ్లే అయితే డిస్కు పావు వంతు నిండేసరికే ఐనోడ్లు అయిపోతాయి. చోటుండగానే ‘స్థలం లేదు’ అంటుంది, మనకేమో టెన్షన్. కదలని పాత మెయిళ్లను నేనైతే ఇప్పటికీ ఎంబాక్స్‌లోనే దాస్తాను.