సగటు లెక్క చాలదు

శీతాకాలపు జ్వరాలను అన్నిచోట్లకూ కలిపి ఒకే సగటుతో కాకుండా ప్రాంతాల వారీగా గమనించాలన్న వ్యాసంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫ్లూ అన్నిచోట్లా ఒకే వారంలో పెరగదు. ఒకచోట తగ్గుముఖం పడుతుంటే మరోచోట అప్పుడే మొదలవుతుంది. అయితే పరీక్షల్లో తేలిన కేసులు లెక్కిస్తే సరిపోదు, చాలామంది అసలు పరీక్షే చేయించుకోరు. ఆసుపత్రిలో చేరినవారి వయసు, ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్ సోకిన పసిపిల్లల సంఖ్య, మురుగునీటిలో వైరస్ జాడ, ఇవన్నీ కలిపి చూడాలి. ఫ్లూ వల్ల వచ్చే శ్వాసకోశ సమస్యలతో ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీన్ని మామూలు జలుబని ఎలా కొట్టిపారేస్తాం? పైగా టీకా రక్షణ ఇవ్వడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. ఫ్లూ ఎక్కడ పెరుగుతోందో చెప్పే నివేదిక ఆలస్యమైతే, ఇంట్లో వృద్ధులున్నవారికి ఆ వ్యవధి కూడా మిగలదు.